వేదిక భయం ఉందని మేనేజ్‌మెంట్ వదులుకోవాలా?

ప్రశ్న: ఎంబీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. రాయడం, లెక్కలు వేయడం బాగానే వచ్చు. నలుగురి ముందు మాట్లాడాలంటే మాత్రం గొంతు తడారిపోతుంది. గ్రూప్ డిస్కషన్‌లో నేను నోరు తెరిచేలోపే టాపిక్ మారిపోతుంది. కమ్యూనికేషన్ స్కిల్స్ లేకపోతే మేనేజర్ కాలేవని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. మనుషులతో పెద్దగా పని ఉండదు కదా అని డేటా అనలిటిక్స్ తీసుకుందామనుకుంటున్నాను. లేదంటే మాట్లాడటం నేర్పే కోర్సులో చేరమంటారా?

జవాబు: అనలిటిక్స్ అంటే ఇష్టముంటే తప్పకుండా తీసుకోండి. మాట్లాడే పని తప్పుతుందని మాత్రం తీసుకోవద్దు. వారాల తరబడి కూర్చుని తేల్చిన లెక్క కూడా, నిర్ణయం తీసుకునే మనిషికి అర్థమయ్యేలా చెప్పకపోతే ఫైల్లోనే ఉండిపోతుంది. ఆ రంగంలో చాలామంది ఇబ్బంది పడేది సరిగ్గా ఇక్కడే.

కమ్యూనికేషన్ అంటే ధారాళంగా మాట్లాడటమని మీకు ఎవరో చెప్పారు, మీరు నమ్మేశారు. ఉద్యోగంలో వేదికెక్కాల్సి వచ్చేది అప్పుడప్పుడే. రోజూ జరిగేది వేరు. ఒకరికి తెలిసిన సంగతి, దాని మీద నిర్ణయం తీసుకోవాల్సిన మరొకరికి, సమయం మించిపోకముందే, ఉన్నది ఉన్నట్టుగా చేరాలి. స్వయంగా టెలిఫోన్ కంపెనీ నడిపిన చెస్టర్ బర్నార్డ్ 1938లోనే, ఎగ్జిక్యూటివ్ చేయాల్సిన మొదటి పని ఈ సమాచార వ్యవస్థను ఏర్పాటు చేసి నిలబెట్టడమేనని రాశారు. వక్త కావాలని ఆయన అడగలేదు.

మాట చేరకపోతే ఏమవుతుందో చెప్పడానికి విమానయానంలోని ఒక ఘటనను విద్యార్థులకు తరచూ వివరిస్తుంటాను. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలోని విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747 విమానాలు, ఒకటి నెదర్లాండ్స్ సంస్థ కేఎల్‌ఎంది, మరొకటి అమెరికా సంస్థ పాన్ యామ్‌ది, రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. ఆ రోజు దట్టమైన పొగమంచు. కేఎల్‌ఎం విమానం అనుమతి రాకుండానే టేకాఫ్ మొదలుపెట్టింది. కాక్‌పిట్ నుంచి రేడియోలో వచ్చిన మాటను బట్టి, విమానం టేకాఫ్‌కు సిద్ధంగా ఆగి ఉందని కంట్రోలర్ అనుకున్నాడు. ఆగమని ఆయన చెబుతున్న క్షణంలోనే, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ యామ్ పైలట్లు చెప్పారు. రెండు మాటలూ ఒకేసారి రేడియోలో పడటంతో కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దం వినిపించింది. అక్కడున్న ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానం వచ్చింది. ఆ పాన్ యామ్ విమానం ఇంకా పక్కకు వెళ్లలేదా అని అడిగాడు. వెళ్లిందని కెప్టెన్ గట్టిగా చెప్పేశాడు. ఆ కెప్టెన్ సంస్థలో ఎంతో పేరున్న సీనియర్ శిక్షకుడు. అంతటితో అభ్యంతరం ఆగిపోయింది.

ఆ కాక్‌పిట్‌లో ఎవరికీ మాట్లాడటం రాక కాదు. అనుమానం సరైన మనిషికే వచ్చింది, బయటికి కూడా చెప్పాడు. పైవాడు వినిపించుకోలేదు, కిందివాడు నిలబడలేకపోయాడు. ఆ తర్వాత రేడియోలో వాడే పదాలను కట్టుదిట్టం చేశారు, విన్న ఆదేశాన్ని తిరిగి చదివి వినిపించే పద్ధతిని గట్టిగా పాటించడం మొదలుపెట్టారు. జూనియర్ తన సందేహాన్ని స్పష్టంగా చెప్పాలని, కెప్టెన్ దాన్ని వినాలని నేర్పే శిక్షణ 1979లో నాసా జరిపిన వర్క్‌షాప్ తర్వాత విమానయాన సంస్థల్లోకి వచ్చింది. అంటే ఇది పుట్టుకతో వచ్చే చొరవ కాదు, శిక్షణతో అబ్బే పని. మీరూ నేర్చుకోగలరు.

ముందు మీకు చేతనైన రాతతోనే మొదలుపెట్టండి. ఆఫీసుల్లో ఇలాంటి మెయిల్స్ కుప్పలుగా వస్తుంటాయి: “సప్లయర్‌తో మాట్లాడాను సార్. వాళ్లకేవో ఇబ్బందులున్నాయట. ఫాలో అప్ చేస్తున్నాం. వీలైనంత త్వరలో తెలియజేస్తాం.” చదివినవాళ్లకు ఏమీ తెలియదు. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి: “విడిభాగాలు సోమవారం రావడం లేదు, గురువారం వస్తాయి. దానివల్ల మన డెలివరీ 3 రోజులు వెనక్కి పోతుంది. కస్టమర్‌కు ఈ రోజే చెప్పేయవచ్చు, లేదా ఎక్కువ ధర పెట్టి వేరేచోట కొనవచ్చు. మొదటిదే మేలని నా అభిప్రాయం. రేపు మధ్యాహ్నం 12లోపు మీ నిర్ణయం కావాలి.” చెడు వార్త మొదటి వాక్యంలోనే ఉంది, అడగాల్సింది చివర స్పష్టంగా ఉంది. ఇలా రాయగలిగిన కొత్త ఉద్యోగిని ఏ మేనేజరైనా త్వరగా గుర్తుపడతాడు.

చెడు వార్తను పైకి చెప్పడమే అన్నిటికన్నా కష్టం. మనుషులు సహజంగానే దాన్ని దాటవేయడానికి చూస్తారని రోజెన్, టెస్సర్ అనే మనస్తత్వ పరిశోధకులు 1970లోనే చూపించారు. కాబట్టి రేపు మీరు మేనేజర్ అయ్యాక, “ఏమైనా సమస్యలున్నాయా?” అని అడిగి, ఎవరూ పలకకపోతే అంతా బాగుందనుకోకండి. “ఈ పని ఆలస్యమైతే దేనివల్ల అవుతుంది?” అని అడగండి, జవాబులు వస్తాయి. మొదటి చెడు వార్త తెచ్చినవాళ్ల మీద అరిచారా, రెండోది మీ దాకా రాదు.

మీ సిలబస్‌లో మేనేజ్‌మెంట్ సిద్ధాంతకర్త ఫేయోల్ సూత్రాలుంటాయి కదా. వాటిలోని స్కేలార్ చైన్‌ను, అంటే పై అధికారి నుంచి కింది ఉద్యోగి దాకా ఉండే అధికార వరుసను, మార్కుల కోసం బట్టీపట్టి వదిలేయకండి. ప్రతి మాటా మెట్లెక్కి పైకి వెళ్లి మళ్లీ దిగి రావాలంటే పుణ్యకాలం గడిచిపోతుందని, అందుకే వేర్వేరు విభాగాల్లో ఒకే స్థాయిలో ఉన్నవాళ్లు పైవాళ్లకు తెలిసేలా నేరుగా మాట్లాడుకోవచ్చని ఆయన 1916లోనే రాశారు. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినప్పుడు ఏ సమాచారం ఏ మెట్టు దగ్గర ఆగిపోతోందో గమనించండి. మీ ప్రాజెక్ట్ రిపోర్టుకు అంతకన్నా మంచి అంశం దొరకడం కష్టం.

ఇక గ్రూప్ డిస్కషన్. ముందుగా మాట్లాడాలన్న ఆరాటం వదిలేయండి. మిగతావాళ్లు చెప్పింది రాసుకోండి. కాస్త సందు దొరకగానే, “ఇప్పటిదాకా రెండు వాదనలు వచ్చాయి. తేడా అంతా ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గరే ఉంది. ముందు అది తేల్చుకుందామా?” అనండి. విషయాన్ని విడదీసి చూసే అలవాటున్న మీకు ఇది కష్టం కాదు. చర్చకు దారి చూపినవాళ్లుగా మీకు గుర్తింపు వస్తుంది.

వేదిక భయం విషయానికొస్తే, కోర్సులో చేరండి, కాకపోతే చూసి చేరండి. టీచర్ మాట్లాడుతుంటే మీరు కూర్చుని వినే కోర్సుకు డబ్బు కట్టొద్దు. ప్రతి క్లాసులోనూ మీతో రెండు మూడు నిమిషాలైనా మాట్లాడించి, అప్పటికప్పుడు తప్పులు చెప్పే చోటు కావాలి. 1924లో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు నడిచేది ఈ పద్ధతిలోనే. దగ్గర్లో ఏదీ లేకపోతే నలుగురు క్లాస్‌మేట్స్ కలిసి వారానికోసారి మీరే పెట్టుకోవచ్చు. ఈలోగా మీ ప్రాజెక్ట్ టీమ్‌లో మీటింగ్ మినిట్స్ రాసే పని అడిగి తీసుకోండి. మీటింగ్ ముగిసేముందు ఎవరు, ఏ పని, ఎప్పటికి చేస్తామన్నారో చదివి వినిపించి, సరేనా అని అందరినీ అడగండి. కాగితం చేతిలో ఉంటుంది కాబట్టి గొంతు తడారినా ఆ నాలుగు వాక్యాలు చదివేయగలరు.