బాకీ మిగులుతుంటే ముందు వడ్డీ చూడండి

క్యాష్‌బ్యాక్, ట్రావెల్, తక్కువ వడ్డీ క్రెడిట్ కార్డుల్లో ఏది తీసుకోవాలో తేలడం లేదని, కొన్ని నెలలు బిల్లు పూర్తిగా కట్టలేకపోతున్నానని రాశారు కదండీ. ఆ రెండో మాటలోనే మీ జవాబుంది. కట్టకుండా మిగిలిన బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీ అంటే చక్రవడ్డీతో ఏడాదికి దాదాపు 42.6 శాతం. 2 శాతం క్యాష్‌బ్యాక్ దానికి ఏ మూలకీ రాదు. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నవాటికి చాలా కార్డుల్లో వడ్డీలేని గడువు వర్తించదు. చాలామంది ఇది గమనించరు, అక్కడే మునిగిపోతారు. మీరు తక్కువ వడ్డీదే తీసుకోండి.

బాకీ తీరాక క్యాష్‌బ్యాక్ కార్డు చూద్దురుగాని. అప్పుడు ఏడాది ఫీజును క్యాష్‌బ్యాక్ శాతంతో పోల్చండి: ఫీజు 500, క్యాష్‌బ్యాక్ 1 శాతమైతే 50,000 ఖర్చుపెట్టాకే ఫీజు తిరిగొస్తుంది. ఎక్కువ ప్రయాణాలు చేయకపోతే ట్రావెల్ కార్డు ఊసే వద్దు.