నవ్వు మాటున నిరసన

ప్రశ్న: ఫ్రాంకో నియంతృత్వంలో సెన్సారు అంత కఠినంగా ఉన్నా, స్పెయిన్‌లో రాజకీయ వ్యంగ్య చిత్రాలు ఎలా వెలువడ్డాయి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పాలకుణ్ణి నేరుగా తాకకుండా, ఆ పాలనలో బతికే సామాన్యుడి అగచాట్లను చూపడమే దర్శకుడు లూయిస్ గార్సియా బెర్లాంగా పాటించిన ఉపాయం. 1953లో వచ్చిన ‘స్వాగతం, మిస్టర్ మార్షల్’లో, అమెరికా సాయం అందుతుందన్న ఆశతో మధ్య స్పెయిన్‌లోని ఒక పేద కాస్తీయ గ్రామం అప్పు చేసి దక్షిణాది ప్రాంతమైన ఆండలూసియా వేషం కట్టుకుంటుంది; తీరా ఆ అతిథుల కార్లు ఆగకుండా దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోతే, ఖర్చు ఊరివాళ్ళ నెత్తిన పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐరోపా దేశాలకు అమెరికా అందించిన సాయమైన మార్షల్ ప్రణాళికలో స్పెయిన్‌కు చోటు దక్కలేదన్న సంగతి ప్రేక్షకులకు తెలుసు. ఎగతాళి అమెరికా మీదేనని పైకి కనిపించడం కూడా ఆ చిత్రానికి రక్షణ అయిందని నా అభిప్రాయం.

రచయిత రఫాయెల్ అస్కోనాతో కలిసి 1963లో తీసిన ‘తలారి’ మరింత పదునైనది. ప్రభుత్వ ఫ్లాటు చేజారకూడదని ఒక యువకుడు మామగారి తలారి ఉద్యోగంలో చేరతాడు, ఎవరినీ చంపవలసిన అవసరం రాదులే అన్న ధీమాతో. చివరికి ఆ రోజు రానే వస్తుంది. శిక్ష పడ్డవాడు ముందు నడుస్తుంటే, కాళ్ళు తేలిపోయిన తలారినే వెనక నుంచి ఈడ్చుకుపోతారు. సెన్సారు కొన్ని కత్తిరింపులు చేసింది గానీ, ఆ దృశ్యం మిగిలింది. వెనిస్ ఉత్సవంలో దాన్ని చూసి ఇటలీలోని స్పెయిన్ రాయబారి మండిపడ్డాడు.