ఆ నెమలిని ఇవాళే అప్పగించు

చి. అమ్మలూకి, పెద్దమ్మ ఆశీస్సులు.

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నాను. గచ్చిబౌలి దగ్గర కారు తగిలి పడిపోయిన ఆడ నెమలిని చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చావు. అంతమంది హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోతుంటే నువ్వొక్కదానివే బండి ఆపావు. నీ చోట నేనున్నా అదే చేసేదాన్ని. కానీ "కాలు అతుక్కునేదాకా మన దగ్గరే ఉంచుకుంటా పెద్దమ్మా, పది రోజులేగా" అన్నావు చూడు, ఆ మాటకే నాకు గుండె ఝల్లుమంది.

నెమలి మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులితో సమానమైన రక్షణ. ఆ చట్టం లెక్కలో అడవి జీవిని పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. షెడ్యూల్ 1 జీవి విషయంలో నేరం రుజువైతే తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఏడేళ్లు జైలు, పైగా కనీసం 25 వేల రూపాయల జరిమానా. డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు కూడా ఉండదు. ఇంకో సంగతి విను. అది నీ దగ్గర ఉందని తేలితే, తప్పుదారిలో రాలేదని నిరూపించుకోవాల్సిన భారం నీ మీదే పడుతుంది. నీ మంచి మనసు సంగతి తర్వాత, పక్షి ఎవరింట్లో దొరికిందన్నదే ముందు చూస్తారు.

రోడ్డు మీద దెబ్బతిన్న మనిషిని ఆస్పత్రిలో చేర్చినవాళ్లకు కేసుల బెడద లేకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో రక్షణ పెట్టారు. నెమలిని కాపాడినా అదే వర్తిస్తుందని నీ స్నేహితురాలు అన్నదట. వర్తించదు. అది మనుషుల కోసం పెట్టింది.

ఉత్తరప్రదేశ్‌లో ఒక కుర్రాడు కాలు విరిగిన సారస్ కొంగను ఇంటికి తెచ్చి బాగు చేశాడు. అది అతని బండి వెంట ఎగురుతూ వచ్చే వీడియోలు దేశమంతా చూశారు. 2023లో అటవీ శాఖ వాళ్లు ఆ కొంగను తీసుకెళ్లారు, అతని మీద కేసు పెట్టారు. అందుకే చెబుతున్నా, రీల్స్ జోలికి వెళ్లకు. ఫోటోలు మాత్రం తీసి ఉంచుకో. ఎక్కడ, ఎన్నింటికి, ఎలా దొరికిందో చెప్పడానికి పనికొస్తాయి.

మరి చట్టం నిన్నేం చెయ్యమంటుంది? అలాంటి జీవి చేతికొస్తే 48 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోగానీ అటవీ అధికారికిగానీ తెలియజేయమంటుంది. అడిగినప్పుడు అప్పగించమంటుంది. నీకు దొరికింది శనివారం సాయంత్రం ఆరున్నరకు. అంటే సోమవారం సాయంత్రం ఆరున్నర దాకా గడువు ఉన్నట్టే. కానీ అంతవరకూ ఆగకు. ఈ ఉదయమే అటవీ శాఖ టోల్‌ఫ్రీ నంబర్‌కు చెయ్. ఎవరితో మాట్లాడావో, ఎన్ని గంటలకో రాసుకో. "మీరు వస్తారా, నన్ను తీసుకురమ్మంటారా" అని అడిగి, వాళ్లు చెప్పింది వాట్సాప్‌లో పెట్టమను. తీసుకెళ్లేటప్పుడు చేతిరాతతో ఒక రసీదు ఇవ్వమని అడుగు. మొహమాటపడకు. ఎవరూ ఫోన్ ఎత్తకపోతే నేరుగా స్టేషన్‌కు వెళ్లి చెప్పి, అక్కడ నమోదు చేయించు. మీ ఆఫీసు అతను చేవెళ్ల ఫామ్‌హౌస్‌లో వదిలేద్దాం అన్నాడన్నావు. వద్దంటే వద్దు. అనుమతి లేకుండా ఒకచోట నుంచి ఇంకోచోటికి తరలించడం మరో నేరమవుతుంది.

దగ్గర్లో కుక్కల డాక్టరు ఉంటే రక్తం ఆగేలా కట్టు కట్టించు, తప్పులేదు. ఆయన చీటీ మీద టైము వేయించు. అంతకుమించి వద్దు.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో కూడా రాయాలి. పశువుల డాక్టరుగా ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, సంక్రాంతి వెళ్లిన మర్నాడు ఒక పిల్లాడు గోనెసంచిలో గద్దను తెచ్చాడు. చైనా మాంజా రెక్క మడతలో చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగింది. ఈకలు పక్కకి తీస్తే దారం కనపడనే లేదు, సన్నటి ఎర్రగీత మాత్రమే ఉంది. పట్టకారుతో ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీశాను, లాగితే కండ ఊడొస్తుంది. అది నోరు తెరిచి రొప్పుతూనే ఉంది. కాసేపటికి కింది రెప్ప నెమ్మదిగా పైకి వచ్చి కన్ను మూసుకుంది. చచ్చిపోయిందనుకున్నాను. బతికింది.

ఎవరికీ చెప్పకుండా పదకొండు రోజులు మా వెనకింట్లో ఉంచాను. గాయం మానింది. కానీ నేను చేత్తో పెట్టే మాంసానికి అలవాటు పడి, ఎవరు కనపడినా దగ్గరికి వచ్చేది. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చారు. ఒక్క కాగితం కూడా లేక రాత్రి దాకా వాళ్ల ముందు కూర్చున్నాను. నాపై కేసు పెట్టలేదు. గద్ద మాత్రం మళ్లీ ఆకాశంలోకి వెళ్లలేదు. మనుషులను చూసి భయపడటం మరిచిపోయిన పక్షిని బయట వదల్లేరు. మిగిలిన జీవితం బోనులోనే గడిపింది. మొదటి రోజే అప్పగించి ఉంటే అలా జరిగేది కాదని ఇప్పటికీ బాధపడతాను.

అందుకని ఆ నెమలితో మాట్లాడకు, పేరు పెట్టకు, మీ పిల్లలను చూడనివ్వకు. పెద్ద అట్టపెట్టెకు గాలి కోసం చిల్లులు పెట్టి, అడుగున పాత నూలు చీర పరిచి, చీకటిగా ఉన్న గదిలో ఉంచు. నోట్లో నీళ్లు పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం అసలే వద్దు. విరిగిన కాలికి పుల్లలు కట్టే ప్రయత్నం చెయ్యకు. గీరుకుంటే సబ్బుతో బాగా కడుక్కో.

ఒకవేళ వాళ్లు వచ్చేలోపు చనిపోతే ఏడుపొస్తుంది, నాకు తెలుసు. అయినా తోటలో పూడ్చకు. చనిపోయినా అది ప్రభుత్వ ఆస్తే. ఉన్నదున్నట్టు ఫోన్ చేసి చెప్పి, ఆ శరీరాన్ని కూడా వాళ్లకే అప్పగించు. పూడ్చేస్తే ఎలా చనిపోయిందో ఎవరికీ తెలియదు, అనుమానం నీ మీదకే వస్తుంది. రాలిన ఈకలున్నా దాచుకోకుండా ఇచ్చెయ్.

పది గంటలకు వాళ్లకు ఫోన్ చేశాక నాకు చెప్పు. మాట్లాడటానికి టెన్షన్‌గా ఉంటే నన్ను లైన్‌లో కలుపు, నేను మాట్లాడతాను. మధ్యాహ్నానికి కూడా ఎవరూ రాకపోతే ఆటో ఎక్కి వచ్చేస్తాను, ఇద్దరం కలిసి స్టేషన్‌కు వెళ్దాం.

మీ పెద్దమ్మ