ఓ-రింగుకు గాడి ఎంత లోతు? ఎంత వెడల్పు?

పాఠకుల ప్రశ్నలు, విజయనగరం నుంచి లేతు మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, బొబ్బిలిలో మాకు చిన్న లేతు షాపు ఉంది. ఒక హైడ్రాలిక్ ప్రెస్సు ఫిల్టరుకు గుండ్రటి మూత చేసి ఇచ్చాం. లోపల మామూలు హైడ్రాలిక్ నూనె, ఒత్తిడి 40 బార్. నూనె కారకుండా మూత గాడిలో పెట్టే గుండ్రటి రబ్బరు ఓ-రింగు లోపలి వ్యాసం 94.84, రబ్బరు మందం 3.53 మిల్లీమీటర్లు. మొదటిసారి గాడి 3.3 లోతు, 3.7 వెడల్పు తీశాం. నూనె కారింది. రెండో మూతకు వెడల్పు అదే ఉంచి లోతు 2.6కు తగ్గించాం. ఈసారి బోల్టులు ఎంత బిగించినా మూత పూర్తిగా కూర్చోలేదు, రింగు తెగింది. రెండు రింగులూ పంపుతున్నాను. తప్పు రబ్బరుదా, మాదా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: రింగులు పంపి మంచి పని చేశారు. వాడి తీసిన రింగు చెప్పినంత వివరంగా ఏ ఉత్తరమూ చెప్పలేదు. రెండూ నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి.

మొదటిది ఇంకా గుండ్రంగానే ఉంది. పైభాగాన సన్నని మెరుపు గీత ఒకటి చుట్టూ తిరిగింది, అదీ రెండు చోట్ల కనిపించకుండా పోయింది. రబ్బరు లోహానికి ఆనిన మేర ఆ గీతే. గీత లేని ఆ రెండు చోట్లే మీ నూనె బయటికి వచ్చి ఉంటుంది. 3.53 రబ్బరును 3.3 గాడిలో పెడితే నొక్కుడు 0.23 మిల్లీమీటర్లు, అంటే ఆరున్నర శాతం. ఈ సైజు రింగు మందంలో 0.1 అటూ ఇటూ తేడా ఉండవచ్చు. సన్నగా వచ్చిన రింగయితే మీకు దొరికేది నాలుగు శాతం కూడా కాదు. కదలిక లేని మూతలకు, ఫ్లాంజిలకు 20 నుంచి 30 శాతం నొక్కుడు ఉండాలి.

రెండో రింగు కథ వేరు. దాని లోపలి అంచున గోరు కత్తిరించి పారేసిన ముక్కలా పలచటి రబ్బరు పొర లేచి ఉంది. గాడిలో పట్టక రెండు లోహాల మధ్యకు పొర్లి, అక్కడ నలిగి తెగిన భాగం అది. లోతు సరిచేశారు గాని వెడల్పు మరిచారు. రబ్బరును నొక్కితే దాని ఆకారం మారుతుంది, పరిమాణం తగ్గదు. పైనుంచి నొక్కినంతా పక్కలకు జరగాలి, జరగడానికి గాడిలో చోటుండాలి. లెక్క మీరే చూడండి: 3.53 మందం రబ్బరును అడ్డంగా కోస్తే దాని వైశాల్యం 9.79 చదరపు మిల్లీమీటర్లు. మీ గాడి 3.7ను 2.6తో గుణిస్తే 9.62. గాడి కన్నా రబ్బరే ఎక్కువ! ఆ మూత ఎలా కూర్చుంటుంది? మీ కుర్రవాడు పానాకు పైపు తొడిగి బిగించాడని రాశారు. నూనెలా, నీళ్లలా రబ్బరు కూడా కుంచించుకుపోదు గనుక ఆ బలమంతా మూతను వంచడానికీ బోల్టును సాగదీయడానికీ పోయింది.

ఈ మందానికి సరైన కొలతలు ఇవి. లోతు 2.57 నుంచి 2.72 లోపు, నడిమికి 2.65 పట్టండి. నొక్కుడు 25 శాతం వస్తుంది. వెడల్పు 4.5 నుంచి 4.75 లోపు, 4.6 పట్టండి. గాడి వైశాల్యం 12.19 అవుతుంది, అందులో రబ్బరు నిండేది 80 శాతం. మిగిలిన ఐదో వంతు వృథా అనుకోవద్దు. నూనె పీల్చి రబ్బరు కొంత ఉబ్బుతుంది, వేడికి ఉక్కు కన్నా సుమారు పది రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు వదిలిన చోటు అది.

ఇక ఏ గోడ దగ్గర రింగు ఆనాలి అన్నది. చాలా షాపుల్లో రింగు లోపలి వ్యాసం కొలిచి, గాడి లోపలి గోడను దానికి సరిపోయేలా తీస్తారు. మీ మూతలో ఒత్తిడి లోపలి నుంచి బయటికి తోస్తుంది. అటువంటప్పుడు రింగు మొదటి నుంచీ బయటి గోడకే ఆని ఉండాలి. లోపలి గోడకు బిగించి పెడితే నూనె ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ రింగు బయటికి జరుగుతుంది, తగ్గగానే వెనక్కి వస్తుంది, ఆ రాపిడికే అరుగుతుంది. మీ రింగు బయటి వ్యాసం 94.84కు రెండు మందాలు కలిపితే 101.9. గాడి బయటి గోడ 101.8 తీయండి, లోపలి గోడ 92.6కు వస్తుంది. ఒత్తిడి బయటి నుంచి వచ్చే చోట, ఉదాహరణకు వాక్యూమ్ పాత్రలో, ఇది తలకిందులు. అక్కడ లోపలి గోడకు ఆనించాలి.

ఓ-రింగులో నాకు ఎన్నటికీ ముచ్చట తీరని సంగతి ఇక్కడే ఉంది. బోల్టులు బిగించినప్పుడు రబ్బరు లోహాన్ని కొద్ది బలంతోనే నొక్కుతుంది. తర్వాత నూనె ఒత్తిడి వచ్చి రింగును బయటి గోడకు తోస్తుంది, రబ్బరు ఆ ఒత్తిడిని అన్ని వైపులకూ పంచుతుంది. అంటే ఆనిన చోట నొక్కుడు, మొదటి బిగువూ నూనె ఒత్తిడీ కలిసినంత. 40 బార్ వస్తే 40, 60 వస్తే 60 అదనం. కారిపోవాలని చూసే నూనే తన దారి తాను మూసుకుంటుంది. మొదటి ఆ కొద్ది బిగువు మాత్రం చుట్టూ ఎక్కడా తెగకుండా ఉండాలి. మీ మొదటి మూతలో లేనిది అదే.

ఉపరితలం గురించి ఒక్క మాట. గాడి అడుగులోనూ, ఎదురుగా ఆనే ముఖం మీదా గరుకుదనం 1.6 మైక్రాన్లు దాటకూడదు. గ్యాసుకు అయితే 0.8 కావాలి. లేతు మీద వచ్చే గుండ్రటి గీతలు రింగుతో పాటే తిరుగుతాయి గనుక వాటితో భయం లేదు. మధ్య నుంచి అంచుకు అడ్డంగా పోయే ఒక్క గీత చాలు, నూనె దాని వెంట నడిచి వస్తుంది. పని అయ్యాక ఎమ్రీ కాగితంతో అడ్డదిడ్డంగా రుద్దే అలవాటు మీ షాపులో ఉంటే ఈరోజే మాన్పించండి. గాడి పై అంచుల పదును 0.1 నుంచి 0.2 వరకు విరిచి వదలండి. అడుగు మూలలకు 0.2 నుంచి 0.4 గుండ్రదనం చాలు.

మీరు అడగనిది ఒకటి. 101.8 వ్యాసం మీద 40 బార్ అంటే మూతను పైకెత్తే బలం మూడు టన్నులు దాటుతుంది. మీ స్కెచ్‌లో పలక 10 మిల్లీమీటర్లు. అందులో గాడి పోగా మిగిలేది ఏడున్నర కన్నా తక్కువ. నాకది పలచన. మూత మధ్యలో ఉబ్బి, బోల్టుకూ బోల్టుకూ నడుమ అంచు తెరుచుకుంటే గాడి కొలత ఎంత సరిగా ఉన్నా లాభం లేదు. 20 మిల్లీమీటర్ల పలక తీసుకోండి. ఎదురెదురు బోల్టులు విడతలుగా బిగించి, చివరికి అంచు చుట్టూ 0.05 ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకు) ఎక్కడా దూరకుండా చూడండి. లోహానికి లోహం ఆనిన తర్వాత ఇంకా బిగించడం వల్ల రింగుకు ఒరిగేది ఏమీ లేదు. రబ్బరు మంచిదే. 70 షోర్ గట్టిదనం ఉన్న నైట్రైల్ రకం రబ్బరు మీ నూనెకు తగినది. గ్యాస్కెట్ పేస్టు మాత్రం పూయవద్దు, అది గాడిలో వదిలిన చోటును నింపేస్తుంది.

ప్రశ్న: అయ్యా, పలాసలో మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. గింజలు ఆవిరిలో ఉడికించే కుక్కరు మూతకు నల్ల రబ్బరు రింగు వేస్తాం. గేజి 2 బార్ చూపిస్తుంది. కొన్నాళ్లకే రింగు రాయిలా గట్టిపడి, చదునై, ఆవిరి వదులుతోంది. ఇంకా మందమైన రింగు వేయమంటారా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: వద్దమ్మా. గాడి పాతదే ఉంచి మందం పెంచితే బొబ్బిలి మూతకు పట్టిన గతే పడుతుంది.

గేజి మీద 2 బార్ అంటే ఆవిరి వేడి సుమారు 133 డిగ్రీలు. మీకు దుకాణంలో పేరు అడగకుండా ఇచ్చే నల్ల రింగు చాలావరకు నైట్రైల్, దాని హద్దు దాదాపు 100 డిగ్రీలు. ఆ పైన రోజూ పనిచేయిస్తే గట్టిపడుతుంది, నొక్కిన ఆకారంలోనే ఉండిపోతుంది, మూత తీసినా తిరిగి గుండ్రంగా లేవదు. లేవని రబ్బరు నొక్కదు, నొక్కనిది ఆపదు. కొనేటప్పుడు ఆవిరికి ఈపీడీఎమ్ అని పేరు చెప్పి అడగండి, అందులోనూ పెరాక్సైడ్‌తో పక్వం చేసిన రకం. ఖరీదైనదని వైటాన్ కొనకండి. అది 200 డిగ్రీల పొడి వేడినీ నూనెనూ తట్టుకుంటుంది గాని అందులో మామూలు రకాలు ఆవిరిలో నిలవవు. సిలికాన్ కూడా ఒత్తిడి ఉన్న ఆవిరికి చెడిపోతుంది.

మీ ఊరి పనిలో ఒక చిక్కు ఉంది. ఈపీడీఎమ్‌కు ఆవిరి మిత్రుడు, నూనె శత్రువు. ఉడికేటప్పుడు తొక్కలోంచి జీడి నూనె ఊరుతుంది, మూత అంచుకు నల్లగా అంటుతుంది. అది మీ రింగును ఎంత ఉబ్బిస్తుందో పుస్తకం చూసి చెప్పడం కన్నా మీ దగ్గరే తేల్చుకోవడం మేలు. కొత్త రింగు నుంచి వేలెడు ముక్క కోయండి. మందం వెర్నియరుతో కొలిచి రాసుకోండి. మూత ఉన్న స్టీలు డబ్బాలో జీడి నూనె పోసి, ముక్క ముంచి, కుక్కరు పక్కన వేడి తగిలే చోట మూడు రోజులు ఉంచండి. చేతికి తొడుగు వేసుకునే తీయాలని మీకు చెప్పనక్కర్లేదు. తుడిచి మళ్లీ కొలవండి. మందం 5 శాతం పెరిగిందంటే పరిమాణం 16 శాతం పెరిగినట్టు, ఎందుకంటే రబ్బరు మూడు వైపులా పెరుగుతుంది. గాడిలో ఐదో వంతు ఖాళీ ఉంటే అక్కడికి దాదాపు సరి, వేడికి పెరిగేదానికి మిగిలేది బహు కొద్ది. అంతకు మించి ఉబ్బితే ఆ రబ్బరు మీకు పనికిరాదు. పెరగకుండా మెత్తబడి జిగురైనా అంతే.

మరో రెండు విషయాలు. రబ్బరు తాడు కొని కోసి జిగురుతో అంటించే పద్ధతి ఆవిరికి చాలదు. అతుకు వేడిలో వల్కనైజ్ చేయించిన రింగు తెప్పించండి. రెండోది నేను గట్టిగా చెబుతున్నాను: మూత గాడిని స్థానికంగా లోతు చేయించడం, వెడల్పు చేయించడం చేయవద్దు. అది ఒత్తిడి పాత్ర. గాడి లోతు చేసిన కొద్దీ మూత మందం తగ్గుతుంది. కుక్కరు చేసినవారితోనే మాట్లాడాలి. ఆవిరి లోపల ఉండగా కారుతోందని బోల్టు బిగించడానికి ఎవరినీ దగ్గరకు పంపవద్దు. ఒత్తిడి సున్నాకు దిగాకే పానా పట్టాలి.

ప్రశ్న: సార్, నేను శ్రీకాకుళంలో డిప్లొమా చదువుతున్నాను. చాలెంజర్ అంతరిక్ష నౌక ఓ-రింగు వల్లే పేలిందని మా తరగతిలో చెప్పారు. కదలని జోడింపులో రింగు అంత సులువుగా ఎలా విఫలమవుతుంది?
– ఒక విద్యార్థి

జవాబు: ప్రశ్నలో ‘కదలని’ అన్నావు బాబూ, అసలు కీలకం ఆ మాటలోనే ఉంది. 1986 జనవరి 28న చాలెంజర్ లేచిన 73 సెకన్లకు ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు. పక్కనున్న ఘన ఇంధన రాకెట్టు ముక్కలను కలిపే జోడింపులో 0.28 అంగుళాల మందం వైటాన్ రింగులు రెండు ఉండేవి. కాగితం మీద అది కదలని జోడింపే. రాకెట్టు వెలిగి లోపల ఒత్తిడి పెరిగిన క్షణంలో గోడ ఉబ్బి, ఆ జోడింపు కొద్దిగా తెరుచుకునేది. రబ్బరు వెంటనే సాగి ఆ సందును అంటుకుని ఉండాలి. ఆ ఉదయం అక్కడ చలి 2 డిగ్రీల దాకా ఉంది. చల్లబడిన రబ్బరు మెల్లగా లేస్తుంది. సందు ముందు తెరుచుకుంది, రబ్బరు వెనకబడింది, వేడి వాయువు దారి చేసుకుంది. విచారణ సంఘంలో ఉన్న రిచర్డ్ ఫైన్‌మన్ చిన్న ముక్క రబ్బరును బిగింపులో పెట్టి మంచు నీళ్లలో ముంచి, తీసి వదిలితే అది వెంటనే లేవకపోవడం అందరి ముందూ చూపించారు.

నువ్వు రేపు డిజైన్ చేసేటప్పుడు గాడి పట్టిక చూసే ముందు లోహం గురించి అడుగు: ఒత్తిడి వచ్చినప్పుడు ఈ రెండు ముఖాలూ ఎంత దూరం జరుగుతాయి? పైన బొబ్బిలి మూత పలక మందం గురించి రాసింది ఒకసారి చదువు. అందులోనూ ఉన్నది ఇదే సమస్య.

ప్రశ్న: కళింగపట్నంలో పడవ ఇంజన్లు బాగుచేస్తాను. షాపులో మేకుకు తగిలించిన కొత్త రింగులు వాడకముందే పగుళ్లు తేలుతున్నాయి. నాసిరకమా?
– ఒక మెకానిక్కు

జవాబు: మంచి రింగు కూడా అలా వేలాడదీస్తే పగులుతుంది. మేకు దగ్గర సాగి, ఎండా ఓజోనూ తగిలితే నైట్రైల్ సాగిన చోట అడ్డంగా బీటలిస్తుంది. వెల్డింగు చేసే చోట, మోటారు బ్రష్షులు మెరిసే చోట ఓజోను ఇంకా ఎక్కువ. సైజు, రబ్బరు పేరు, కొన్న తేదీ రాసిన కవర్లలో పెట్టి, మూత ఉన్న పెట్టెలో నీడన పరుచుకునేలా ఉంచండి. అలా ఉంచితే నైట్రైల్‌కు ఏడేళ్లు, వైటాన్‌కు, ఈపీడీఎమ్‌కు పదేళ్లు లెక్క. వేసే ముందు వేలికి కొద్దిగా నూనె రాసుకుని రింగు చుట్టూ తడమండి, పగులు కంటి కన్నా వేలికే ముందు తెలుస్తుంది. ఈపీడీఎమ్ అయితే మాత్రం నూనె తగలనివ్వవద్దు, సిలికాన్ గ్రీజు వాడండి. ఇంజను విప్పినప్పుడు వచ్చిన పాత రింగు ఎంత బాగున్నట్టు కనిపించినా మళ్లీ వేయకండి.