సామాజిక న్యాయం మీద పత్రం రాయబోతున్న చెల్లెలి కూతురికి

గుంటూరు, బ్రాడీపేట

చి. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

కాలేజీలో సామాజిక న్యాయం మీద పరిశోధనా పత్రం రాయమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. ‘ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక న్యాయం: సమస్యలు, పరిష్కారాలు’ అని నువ్వు అనుకున్న శీర్షిక చూశాను. ఆ పేరుతో రాస్తే పేజీలు నిండుతాయి కానీ చదివినవారికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. రాజనీతిశాస్త్రం బోధించిన రోజుల్లో అటువంటి పత్రాలు ఎన్నో దిద్దాను. రాజ్యాంగ పీఠికతో మొదలై, మధ్యలో నాలుగైదు పథకాల పేర్లు చెప్పి, ప్రభుత్వం చిత్తశుద్ధితో చర్యలు తీసుకోవాలన్న వాక్యంతో ముగిసేవి. ఎవరికి న్యాయం జరగలేదంటున్నారో ఆ మనిషి మాత్రం ఎక్కడా కనిపించేది కాదు. అందువల్ల నా సలహా ఇది: ఒకే ఒక హక్కును తీసుకో, అది ఎవరికి దక్కాలో ఆ మనుషులను ఒకచోట కలుసుకో, చట్టంలో రాసిన హక్కు వారి చేతికి అందేలోపు ఎక్కడ ఆగిపోతోందో వెతుకు. పత్రమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరగాలి.

గుంటూరులో మా కళ్లెదుట ఉన్న సంగతే ఉదాహరణగా చెబుతాను. మాఘమాసం దాటి మిర్చి యార్డుకు కాయ రావడం మొదలైతే, యార్డు చుట్టుపక్కలా కోల్డ్ స్టోరేజీల దగ్గరా ఆడవాళ్లు గోనె పట్టాల మీద వరుసగా కూర్చుని తాలు కాయలు ఏరేస్తూ, మిగిలినవాటికి తొడిమలు తీస్తూ కనిపిస్తారు. ముక్కుకూ నోటికీ చీర కొంగు బిగించి కట్టుకుంటారు. అయినా దగ్గు ఆగదు. సాయంత్రానికి వేళ్ల కొసలు ఎంత మండుతాయంటే, ఇంటికి వెళ్లి పసిబిడ్డను ఎత్తుకోవడానికి కూడా భయపడతారు. వాళ్లకు కూలి రోజు లెక్కన కాక కిలోల లెక్కన ఇస్తారు. అదే ఆవరణలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా కార్మికులు మగవాళ్లు; వారి కూలి లెక్క వేరు.

ఇప్పుడు చట్టం దగ్గరికి రా. స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం ఉండాలని రాజ్యాంగం 39వ అధికరణం చెబుతుంది. అది ఆదేశిక సూత్రాల్లో ఉంది కాబట్టి నేరుగా కోర్టుకు వెళ్లి అమలు చేయించుకోవడానికి వీల్లేదని 37వ అధికరణమే అంటుంది. ఆ లోటు పూడ్చడానికి 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. అయితే ఆ చట్టం పోల్చమన్నది ఒకే పనిని, లేదా ఒకే స్వభావం గల పనిని మాత్రమే. తొడిమలు తీసే చోట మగవాడే లేనప్పుడు ఎవరితో పోల్చాలి? ఒక పని మొత్తాన్ని ఆడవాళ్లకు వదిలేసి, దానికి ‘తేలిక పని’ అని పేరు పెట్టి, తక్కువ ధర కడితే, సమానత్వ సూత్రానికి ఎక్కడా భంగం కలిగినట్టు కాగితం మీద కనిపించదు. నా దృష్టిలో నీ పత్రానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఈ ఒక్క చిక్కును విడదీసి చూపగలిగితే, పథకాల జాబితాలతో నిండిన పత్రాలకంటే అది ఎన్నో రెట్లు విలువైనది.

దీనికి మరో దారి కూడా ఉంది. కిలోల లెక్కన ఇచ్చే కూలిని రోజు లెక్కకు మార్చి చూడు. ఒక మనిషి ఎన్ని గంటలు కూర్చుంది, ఎన్ని కిలోలు తీసింది, చివరకు ఎంత చేతికి వచ్చింది అన్నవి తెలిస్తే, దాన్ని ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం పక్కన పెట్టవచ్చు. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో చెప్పింది. ఆ తీర్పును సారాంశంలో కాక అసలు పాఠంలో చదువు. ఆకలికి లొంగి తక్కువ కూలికి ఒప్పుకోవడం కూడా బలవంతమే అవుతుందని న్యాయమూర్తులు ఎలా నిర్ణయించారో చూస్తే, నీ సొంత వాదన ఎలా కట్టుకోవాలో తెలుస్తుంది.

చట్టాలు, తీర్పుల విషయంలో ఒక హెచ్చరిక. లైబ్రరీలో దొరికే పుస్తకాల్లో 1948 కనీస వేతనాల చట్టం, 1976 సమాన వేతన చట్టమే ఉంటాయి. వాటి స్థానంలో 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. నువ్వు మాట్లాడే కూలి ఏ తేదీ నాటిదో దానికి తగిన చట్టాన్నే చూపాలి. తీర్పులైతే చివరి మెట్టు దాకా వెంబడించాలి. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపిన కేసు సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ తీర్పును చారిత్రకమని మెచ్చుకుంటూ అక్కడితో ఆపేసిన వ్యాసాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసిందని, దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లిందని రాయకపోతే ఆ వ్యాసం చదివినవారు న్యాయం జరిగిపోయిందనే అనుకుంటారు. చనిపోయినవారి కుటుంబాలు బతికి ఉండగా అలా సగం కథ రాయడం నాకు సహించదు.

అంకెల దగ్గర మరో చిక్కు ఉంది. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లా జనాభా 48 లక్షలు దాటింది. అది ఉమ్మడి జిల్లా. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేసినప్పుడు పల్నాడు విడిపోయింది, బాపట్ల విడిపోయింది. చుండూరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. పాత జిల్లా అంకెను కొత్త జిల్లా అంకె పక్కన పెట్టి ‘తగ్గింది’ అని రాసిన పిల్లలున్నారు. మండలాల వారీ లెక్కలు తీసి కలుపుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. విజయవాడకూ ఇదే వర్తిస్తుంది. కృష్ణా జిల్లా పాత లెక్కల్లో ఉన్న నగరం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది.

కార్మిక శాఖ తనిఖీల వివరాలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి సెమిస్టరు మొదటి వారంలోనే పంపాలి. ‘మీరు ఏం చర్యలు తీసుకున్నారు’ అని అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఫలానా సంవత్సరంలో కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని తనిఖీలు జరిగాయి, ఎన్ని కేసులు పెట్టారు, ఎంత బకాయి ఇప్పించారు అని విడివిడిగా అడుగు. జవాబు రాకపోతే అది కూడా సమాచారమే. దరఖాస్తు తేదీతో సహా పత్రంలో రాయి.

పాత పత్రికలు చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనానికి తప్పక వెళ్లు. 1918లో పుట్టిన గ్రంథాలయం అది. మీ విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం ఎలాగూ ఉంది. ఇతరుల సిద్ధాంత వ్యాసాలు శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, నీ విషయం మీద ఎవరైనా ఇదివరకే పని చేశారేమో అందులో చూసుకో.

ఇక అన్నింటికన్నా జాగ్రత్త అవసరమైన చోటు, ఆ ఆడవాళ్లతో మాట్లాడటం. పని వేళలో వెళ్లి ప్రశ్నలు వేస్తే వాళ్ల కిలోలు తగ్గుతాయి, నువ్వు తీసుకున్న ప్రతి పది నిమిషాలూ వాళ్ల కూలిలోంచి పోతాయి. అన్నం తినే వేళకో, సాయంత్రం ఆటో కోసం ఎదురుచూసే వేళకో వెళ్లు. మేస్త్రి పక్కన ఉండగా అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును లెక్కలోకి తీసుకోకు. ‘మీకు అన్యాయం జరుగుతోందా అమ్మా’ అని అడిగితే, ‘ఏం చేస్తాం తల్లీ, మా రాత’ అంటారు. దానితో పత్రానికి ఒరిగేది లేదు. నిన్న పొద్దున ఎన్నింటికి వచ్చారు, తూకం ఎవరు వేశారు, తూకంలో ఏమైనా కోత పెట్టారా, డబ్బు ఆ రోజే ఇచ్చారా వారానికి ఇచ్చారా, నీళ్లు ఎక్కడ తాగారు, మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉంది అని అడుగు. నిన్నటి సంగతి ఎవరికైనా గుర్తుంటుంది. కులం అడగాల్సి వస్తే ఎందుకు అడుగుతున్నావో ముందు చెప్పి, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని కూడా చెప్పు. పేర్లు, ఊళ్లు, ఫోటోలు పత్రంలోకి రానివ్వకు. ఏ కోల్డ్ స్టోరేజీలో పని చేస్తున్నారో తెలిసేలా రాస్తే, నీకు మార్కులు వస్తాయి, ఆమెకు మర్నాడు పని పోతుంది. ఇది మాత్రం నా మాటగా గట్టిగా గుర్తుపెట్టుకో. యజమానులను, మేస్త్రీలను కూడా కలిసి వాళ్లు చెప్పేది వాళ్ల మాటల్లోనే రాసుకో. కిలోల లెక్క ఎందుకు పెట్టారో వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. వాటికి జవాబు చెప్పకుండా నీ వాదన నిలబడదు.

గుంటూరు దాకా రావడం కుదరకపోతే విజయవాడలోనే మురుగు కాలువలు శుభ్రం చేసే కార్మికుల విషయం తీసుకోవచ్చు. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ వచ్చిన 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపడాన్ని నిషేధించింది. అందులో చనిపోయినవారి కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. అక్కడ కూడా పద్ధతి ఇదే: కాంట్రాక్టరు దగ్గర పని చేసే మనిషికి ఆ చట్టం ఎంతవరకు చేరిందో చూడాలి.

రాసేటప్పుడు ‘అణగారిన వర్గాలు అనాదిగా’ వంటి వాక్యాలు కనిపిస్తే కొట్టేయి. ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నవి ప్రతి పేరాలో ఉండాలి. ఇతరుల వాక్యం వాడుకున్న ప్రతిచోటా వాళ్ల పేరు చెప్పాలి. పదిహేను మందితో మాట్లాడి జిల్లా అంతటికీ తీర్పు చెప్పకు. ఆ పదిహేను మంది సంగతి నిజాయితీగా రాస్తే చాలు. కోపం రావడం మంచిదే, నాకూ వస్తుంది. ఆ కోపంతో లెక్కలు మరోసారి సరిచూసుకో.

పత్రం ఇంగ్లీషులో ఇవ్వాలన్నారు కదా. ఇచ్చే ముందు అందులోని ముఖ్యమైన సంగతులు తెలుగులో రెండు పేజీలు రాసి, నీతో మాట్లాడిన ఆడవాళ్లకు చదివి వినిపించు. తప్పులుంటే వాళ్లే చెబుతారు. తూకం గురించిన పేరా ముందు వినిపించు, పొరపాట్లు ఎక్కువగా దొర్లేది అక్కడే. ఆ తర్వాత మీ అధ్యాపకులకు చూపించే లోపు ముసాయిదా నాకు పంపు. అంకెలున్న పేజీలు పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ