పోలీసు ఛాతీ మీది కెమెరా వీడియో: కాపీ సంగతి తర్వాత, ముందు చెరపకుండా ఉంచమని రాసివ్వండి

మీరు అడిగింది ఇదీ: విజయనగరంలో వాహన తనిఖీ దగ్గర మీ తమ్ముడికీ కానిస్టేబుల్‌కీ మాటా మాటా పెరిగింది. విధులకు అడ్డు తగిలాడని కేసు పెడతామంటున్నారు. ఆ కానిస్టేబుల్ ఛాతీ మీద కెమెరా ఉంది. ఆ వీడియో మనకి ఇస్తారా, ఇవ్వాలని రూల్ ఉందా?

ఇస్తారా అన్న మాట తర్వాత చూద్దామండీ. ముందు ఇవాళే పోలీసులకు ఒక కాగితం రాసివ్వండి. ఫలానా తేదీ, ఫలానా టైము నుంచి ఫలానా టైము వరకు, ఫలానా చోట తనిఖీలో ఉన్న సిబ్బంది బాడీ కెమెరా రికార్డింగ్‌ను చెరపకుండా భద్రపరచండి, అది మా కేసులో సాక్ష్యం అని. అంతే చాలు. కాపీ కావాలని అందులో వాదించకండి.

ఎందుకంటే బాడీ కెమెరాల కోసమే పార్లమెంటు చేసిన చట్టం మనకి లేదు. కెమెరా ఎప్పుడు ఆన్ చేయాలి, ఎప్పుడు ఆపొచ్చు, వీడియో ఎన్నాళ్ళు ఉంచాలి అన్నవన్నీ శాఖ లోపలి ఉత్తర్వుల మీద నడుస్తాయి. పోలీస్ స్టేషన్ సీసీ కెమెరాల సంగతి అలా కాదు. 2020 డిసెంబర్ 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: ప్రతి స్టేషన్‌లో మాట కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలి, రికార్డింగ్ 18 నెలలు ఉంచాలి, అంత సామర్థ్యమున్న పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది ఉంచాలి, అవి పనిచేసేలా చూసే బాధ్యత స్టేషన్ అధికారిదే. కాబట్టి మీ తమ్ముడిని స్టేషన్‌కి తీసుకెళ్ళి ఉంటే ఆ సీసీ ఫుటేజీని కూడా అదే కాగితంలో విడిగా అడగండి. దానికైతే సుప్రీంకోర్టు చెప్పిన గడువే ఉంది. ఛాతీ మీది కెమెరాకి అలాంటి గడువు లేదు, అందుకే ఈ తొందర.

ఇది మా ఇంట్లో జరిగింది కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మా మేనల్లుడు పికప్ బండి నడుపుతాడు. కవిటి నుంచి కొబ్బరికాయల లోడుతో వస్తుంటే మా శ్రీకాకుళం జిల్లాలోనే హైవే మీద ఆపారు. లోడు బయటికి వచ్చిందని మొదలై మాటలు పెరిగాయి. పోలీసు మీద చెయ్యి వేశాడని వాళ్ళు, వెయ్యలేదని వీడు. స్టేషన్‌లో మా కాగితం తీసుకోలేదు. అప్పుడు జిల్లా పోలీసు కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఆ రసీదుతోనే పని కదిలింది. తర్వాత ఒక అధికారి పిలిచి వీడియోని తన కంప్యూటర్‌లో చూపించారు. మావాడు గట్టిగా అరిచాడు, ఏకవచనంలో మాట్లాడాడు. అది కళ్ళారా చూశాం, కాదనలేం. కానీ చెయ్యి ఎక్కడా పడలేదు. గొడవ మొదలైన మొదటి భాగం మాత్రం అందులో లేదు, కెమెరా మధ్యలో ఆన్ చేశారు. లోడుకి చలానా పడింది, కట్టేశాం. దాడి కేసు మాట మళ్ళీ రాలేదు. కాపీ మాత్రం ఇవ్వలేదు.

చెయ్యి పడిందా లేదా అన్నదే ఎందుకంత ముఖ్యమంటే, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 132 సెక్షన్‌కి దాడి గానీ బలప్రయోగం గానీ ఉండాలి. దానికి రెండేళ్ళ దాకా శిక్ష, అది నాన్ బెయిలబుల్. 221 సెక్షన్ అయితే ఉద్యోగి పనికి కావాలని అడ్డుపడటం. మూడు నెలల దాకా జైలు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రెండింటి మధ్య తేడా తేల్చేది ఆ కొద్ది సెకన్ల వీడియోనే. ఎఫ్ఐఆర్ అయి ఉంటే ముందు కాపీ తీసుకుని ఏ సెక్షన్ రాశారో చూడండి.

ఇక కాపీ మాట. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద అర్జీ పెట్టొచ్చు, ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. దర్యాప్తుకి అడ్డు అని ఆ చట్టం 8(1)(హెచ్) సెక్షన్ కింద తిరస్కరించే అవకాశం ఎక్కువ. ఊరికే దర్యాప్తు సాగుతోందంటే సరిపోదు, వీడియో ఇస్తే దానికి ఎలా అడ్డో చెప్పాలని 2007లోనే భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు అంది. మొదటి అప్పీలులో ఆ మాట రాయండి. అసలు దారి మాత్రం కోర్టే. భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94 సెక్షన్ కింద ఆ రికార్డింగ్ తెప్పించమని లాయరు గారి చేత పిటిషన్ వేయించండి. అప్పుడు మీరు ముందే ఇచ్చిన కాగితం, రసీదు పనికొస్తాయి. అడిగిన తర్వాత వీడియో పోయిందంటే ఎందుకు పోయిందో వాళ్ళు కోర్టుకి చెప్పుకోవాలి.

చలానా కూడా ఆ కెమెరా ఆధారంగానే వేసి ఉంటే మీకు ఇంకో పట్టు ఉంది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో, చలానాలకి వాడే ఎలక్ట్రానిక్ పరికరాల గురించి 167ఎ అనే రూల్ చేర్చారు. స్పీడ్ గన్‌తో పాటు ఒంటికి తగిలించుకునే కెమెరా కూడా అందులో ఉంది. ఆ పరికరానికి ఆమోద సర్టిఫికెట్ ఉండాలి, చలానా తేలేవరకు రికార్డు ఉంచాలి. చలానా కట్టే ముందే ఇది అడగడం మంచిది.

బండిని సోదా చేసి ఏదైనా స్వాధీనం చేసుకున్నారా? బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. ఇది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. తీయలేదంటే ఆ సంగతి లాయరు గారికి తప్పకుండా చెప్పండి.

రోడ్డు మీద మన ఫోన్‌లో తీయొద్దని చెప్పే చట్టం ఏదీ లేదు. పక్కకి నిలబడి, వాళ్ళ పనికి అడ్డురాకుండా తీయాలి. స్టేషన్ లోపలైతే జాగ్రత్త. అధికార రహస్యాల చట్టం కింద స్టేషన్ నిషిద్ధ ప్రదేశం కాదని 2022లో బాంబే హైకోర్టు చెప్పింది గానీ ఆ తీర్పు మన రాష్ట్రాన్ని కట్టడి చేయదు. ఆ రోజు మీవాళ్ళెవరైనా వీడియో తీసి ఉంటే ఆ ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు, అసలు ఫైలుని అందులోనే ఉంచండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీని కోర్టు ముందు నిలబెట్టడం కష్టం. భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ చట్టం స్థానంలో వచ్చింది) 63 సెక్షన్ కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్ మీద ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళూ, ఒక నిపుణుడూ సంతకం చేయాలి, కాబట్టి వీడియో తీసినవాళ్ళు ఎవరో ఇప్పుడే కనుక్కుని లాయరు గారి దగ్గరికి వెంటబెట్టుకెళ్ళండి.