సైటోకైన్లు మెలనోమాను ఆపుతాయా, పెంచుతాయా?

సైటోకైన్లంటే రోగనిరోధక కణాలు కబురు పంపుకునే ప్రోటీన్లు కదా, అవి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను చంపాలి గానీ పెంచడమేంటి అని అడిగారు. ల్యాబ్‌లో రెండేళ్లు మెలనోమా కణాలు పెంచాను. మొదట్లో నాదీ ఇదే అనుమానం.

మేం వాడినవి ఏ375 అనే రకం మెలనోమా కణాలు. ఒక ప్లేటులో ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్ కలిపి మూడు రోజులు ఇంక్యుబేటర్లో ఉంచాను. కలపని ప్లేటు నిండిపోయింది, కలిపింది పల్చగా ఉంది. సంబరంగా గైడ్‌గారికి చూపిస్తే, "బాగుందమ్మా, పీడీ-ఎల్1 చూశావా?" అన్నారు. చూస్తే అది బాగా పెరిగి ఉంది! పీడీ-ఎల్1 క్యాన్సర్ కణం ఒంటిమీద ఉండే ప్రోటీన్. చంపడానికొచ్చిన టి కణం (ఒక రోగనిరోధక కణం) మీది పీడీ-1 అనే ప్రోటీన్‌కి అది అతుక్కుంటే టి కణం చల్లబడిపోతుంది. అంటే కణాల పెరుగుదలను తగ్గించిన ప్రోటీనే వాటికి కవచం కూడా తొడిగింది. నా ప్లేటులో టి కణాలే లేవు కాబట్టి ఆ కవచం పని నాకు కనబడలేదు. ఒంట్లో అయితే కథంతా అక్కడే.

ఆ అతుకును అడ్డుకునే మందులే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్. అమెరికాలో మెలనోమాకు వీటికి 2014లో అనుమతి వచ్చింది. కొందరిలో మొదట పనిచేసి తర్వాత ఎందుకు ఆగిపోతాయన్నదానికి ఒక జవాబు 2016లో దొరికింది: జాక్1 లేదా జాక్2 జన్యువు పాడైన క్యాన్సర్ కణాలకు ఇంటర్‌ఫెరాన్ కబురు లోపలికి చేరదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అన్ని సైటోకైన్లదీ ఒకే తీరు కాదు. ఇంటర్‌ల్యూకిన్-6 తొలిదశ మెలనోమా కణాలను నెమ్మదింపజేస్తుంది, ముదిరిన కణాలు దాన్ని లెక్కచేయవు, కొన్ని సొంతంగా తయారుచేసుకుంటాయి కూడా. ఇంటర్‌ల్యూకిన్-8ను అయితే మెలనోమా కణాలే వదిలి, దాంతోనే పెరుగుతాయి.

ఇక ఇమ్యూనిటీ పెంచే పొడులు వాడొచ్చా అన్నారు. 1998 నుంచి అమెరికాలో ముదిరిన మెలనోమాకు ఇంటర్‌ల్యూకిన్-2 అనే సైటోకైన్‌నే మందుగా పెద్ద మోతాదులో ఇచ్చేవారు. కొద్దిమందికి ఏళ్ల తరబడి జబ్బు తిరిగి రాలేదు. కానీ రక్తనాళాల్లోంచి నీరు కారి బీపీ పడిపోయేది, అందుకే ఐసీయూ సదుపాయం ఉన్నచోటే ఇచ్చేవారు. ఇమ్యూనిటీని మందుతో అంత గట్టిగా పెంచితే ఒంట్లో అంత గొడవ జరగొచ్చు. డబ్బా పొడి తాగి ఏమీ కాలేదంటే, అది పెంచిందీ ఏమీ లేదని నా అనుమానం. చికిత్సలో ఉన్నవాళ్లు మాత్రం అలాంటిది ఏది మొదలుపెట్టినా ఆంకాలజిస్టుకు చెప్పండి.